నైరుతి ఎత్తు

బడిలో మాకు సోషల్ చెప్పిన సార్, మా పక్కింటి సార్, పోయిన నెల వానల్లో పోయినారు. ఇంట్లోకి వచ్చిన వాననీళ్లు బయటికి పోకుండా నిలబడిపోయినాయి. ముందే ఆయాసం మనిషి. ఆ చెమ్మలో రొమ్ము పట్టేసి ఆసుపత్రికి పోయినారు, తిరిగి రాలా. వయసు అయిపోయిందిలే అంటా ఉండారు వీధిలో. వింటా ఉంటే నాకు ఒళ్లు మండతా ఉండాది. ఆయన్ను తీసుకుపోయింది వయసు కాదు, మట్టి.

ఎత్తు మారితే అన్నీ మారతాయి అని బడిలో సార్ పాఠం ఒకటి. దాన్ని బోర్డు మీద చెప్పకుండా మమ్మల్ని తిరుమల బస్సు ఎక్కించినారు. ఘాట్ రోడ్డులో చెవులు దిబ్బళ్లు పడితే, "మింగండి, ఉమ్మి మింగండి! పైకి పోయేకొద్దీ బయట గాలి బరువు తగ్గతాది, మీ చెవుల్లో గాలి బయటికి తోస్తా ఉండాది" అన్నారు. నా చేతిలో చిప్స్ ప్యాకెట్ పూరీ మాదిరి ఉబ్బితే, దాన్ని బస్సంతా తిప్పి చూపించి, పైకి పోయినాక సగం ఆయనే తినేసినారు. మేము చలికి వణకతా ఉంటే ఒకటే నవ్వు. "కింద తిరుపతి పెనం మాదిరి కాలతా ఉండాది. ఈడ చూడండి ఎంత చల్లగుండాదో. దేవుడు ఊరకే కొండెక్కినాడా?"

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు కదా. సార్ దానికి ఇంకో ముక్క తగిలించేవారు: "మనిషి రెండూ ఎరగడు."

మా వీధికి ఉత్తరాన కొండ. వాన పడితే నీళ్లు దక్షిణానికే దిగాల. వాస్తు ప్రకారం దక్షిణం, నైరుతి ఎత్తుగా ఉండాల. ఈడ ఇల్లు కట్టేవాడికి కొండ ఒకటి చెప్తాది, సిద్ధాంతి ఇంకొకటి చెప్తాడు. అందరూ సిద్ధాంతి మాటే వింటారు. సార్ ఒక్కరే నేల వాలుకు ఇల్లు కట్టి, నీళ్లు దిగిపోయేట్టు వదిలినారు. దక్షిణప్పక్క ఇంటాయన నైరుతి ఎత్తు చేసేదానికి ట్రాక్టర్లతో మట్టి తోలిస్తా ఉంటే, సార్ బిందెడు నీళ్లు తీసుకుపోయి ఆయన ముందరే కుమ్మరించినారు.

"చూడప్పా, యాడికి పోతా ఉండాయో. ఆ దోవ మూసేస్తే ఇవి నా ఇంట్లోనే పండుకుంటాయి."

"మీరు పెద్దలు సార్. కానీ నైరుతి పల్లముంటే ఇంటి యజమానికి కీడంట."

"ఎత్తు చేస్తే పక్కింటి యజమానికి కీడప్పా!"

అందరూ నవ్వినారు. సార్ కూడా నవ్వినారు. మట్టి మాత్రం ఆగలా.

పోయిన నెల వానకు నేను టీ తీసుకుని పోతే, సార్ మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చోనుండారు, కింద మోకాలి లోతు నీళ్లు. గస పెడతానే అన్నారు, "పాపం, యాడికి పోతాయమ్మా? వాటికి దోవ యాడుంది?" ఆ మనిషికి నీళ్ల మీద జాలి! నాకు ఏడుపు ఆగలా.

దక్షిణప్పక్కాయన కూడా వచ్చి దండ వేసి ఏడ్చినాడు. దొంగేడుపు కాదు. అదే నాకు ఇంకా బాధగా ఉండాది.

కర్మక్రియలకు వచ్చిన చుట్టాలు ఇంటి చుట్టూ తిరిగి చూసి తేల్చేసినారు. నైరుతి పల్లంగా ఉండాదంట, అందుకే ఇంటాయన పోయినాడంట. నిన్న సార్ ఇంటి ముందర మట్టి ట్రాక్టర్ ఆగింది. పరిగెత్తుకుంటా పోయినాను.

"సార్ ఉంటే ఒప్పుకుంటారా అమ్మా?"

సార్ భార్య తల ఎత్తలా. "ఆయన మాట విని ఆయన్నే పోగొట్టుకుంటిని. ఉండేది ఒక్క కొడుకు. వాడినన్నా దక్కించుకోనీ తల్లీ."

ఇన్నేళ్లు సార్ చెప్పినదంతా ఆయన సొంత ఇంట్లోకి కూడా పోలేదే అని కుమిలిపోతా ఇంటికొచ్చేసినాను.

ఈ పొద్దుకు సార్ దొడ్డంతా దక్షిణానికి నడుమెత్తు లేచింది. సాయంత్రం నుంచి కొండ మీద మబ్బు కమ్ముకుంటా ఉండాది. సార్ ఇంటికి ఉత్తరాన ఉండేది మా ఇల్లే. బియ్యం మూటలు మంచం మీదికి ఎక్కిస్తా ఉండాను.