నలభైరెండో రోజు

పిల్లల్ని తీసుకుని నగరిలో తన అన్న ఇంటికి వెళ్లిపోతూ నా భార్య పెట్టిన షరతు ఒక్కటే. "ఈసారి మాల వేసుకోకుండా తాగుడు మాను. నాకు నమ్మకం కుదిరినప్పుడు వస్తా."

ఇది ఘోరమైన అన్యాయంగా తోచింది నాకు. ఏటా అయ్యప్ప మాల వేసుకుని నలభై ఒక్క రోజులు మందు ముట్టని మహానుభావుణ్ణి నేను. తెల్లవారుజామున నేను చన్నీళ్లు పోసుకుంటే తిరుపతి కొండలు వణికేవి. నా శరణుఘోష మొదలయ్యాక వీధిలో కోళ్లు ఆ పని నాకే వదిలేసి పడుకునేవి. చిన్నా పెద్దా, చివరికి నా భార్య కూడా నన్ను 'సామీ' అనే పిలిచేవాళ్లు. అన్ని రోజులు మానగలిగినవాడు తాగుబోతు ఎలా అవుతాడు? పన్నెండేళ్లుగా ఈ వాదన మీదే బతికాను.

ఆమె వెళ్లిన మూడు వారాలకు చేతులు వణుకుతున్నాయని డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన మాత్రలు రాసి, చీటీ వెనక ఒక చిరునామా కూడా రాశాడు. తాగుడు మానినవాళ్లూ, మానాలనుకునేవాళ్లూ కలిసి మాట్లాడుకునే మీటింగట. చర్చి వెనక గదిలో, సోమవారం, గురువారం సాయంత్రాలు.

సోమవారం సాయంత్రం, ఎవరైనా గుర్తుపడతారేమోనని హెల్మెట్ తీయకుండా ఆ వీధి చుట్టూ తిరిగాను. కొండ మీద దేవుడికి కూడా నేను అన్ని ప్రదక్షిణలు చేసి ఉండను. చివరికి టీ అంగడి ఆయన్ని అడిగాను. "ఈడ టైపు నేర్పించే క్లాసు యాడుండాదన్నా?"

ఆయన టీ తిరగబోస్తూనే చెప్పాడు. "తాగుడు మీటింగే కదప్పా? చర్చి ఎనక, ఎడమపక్క రూము. ఆ హెల్మెట్ తీసి పో. లోపల ఫ్యానుండాది."

గదిలో తొమ్మిది మంది ఉన్నారు. అక్కడి పద్ధతి ప్రకారం ఎవరి సంగతి వాళ్లే చెప్పుకోవాలి. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రాకూడదు, బుద్ధులు చెప్పకూడదు. నాలాంటి వాగుడుకాయకు అంతకన్నా ఏం కావాలి? నేను పడ్డ మురికికాలువ నన్ను చూసి పక్కకు జరిగిందని, నన్ను ఇంటికి మోసిన ఆటోకు కూడా మత్తెక్కిందని చెప్పాను. అందరూ నవ్వారు. ఆ ఊపులో, "అయినా నేను తాగుబోతును కాదు. ఏటా మాల వేసి మానేస్తాను" అని ముగించాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మీటింగు అయ్యాక ఒక పెద్దాయన టీ గ్లాసు తెచ్చి చేతికిచ్చాడు. మరమగ్గాల పని చేసి రిటైరైన మనిషి.

"నేను పదకొండు మాలలేసినానప్పా" అన్నాడు. "ఆ నలభైఒక్క దినాలు తాగకుండా ఉండింది సామి. నేను గాదు. మాల తీస్తానే సామి పాయ, నేను వచ్చేస్తి. నువ్వు బాగా నవ్విస్తావబ్బా. అయితే నలభైరెండో దినం ఏం చేసినావో సెప్పలేదే."

టీ వేడిగా ఉందని అక్కడి నుంచి తప్పించుకున్నాను.

గురువారం మళ్లీ వెళ్లాను. నా వంతు వచ్చినప్పుడు కిందటేడు సంగతి చెప్పాను. శబరిమల నుంచి తిరిగొచ్చిన ఉదయం గుడిలో గురుస్వామి నా మాల తీశాడు. ఇరుముడి సంచి భుజాన ఉండగానే వైన్ షాపుకు వెళ్లాను. యాత్ర నుంచి వచ్చినవాడికి గడపలో టెంకాయ కొట్టి, లోపలికి పిలిచి, అప్పుడే తినడం మా ఇంటి ఆనవాయితీ. నా భార్య ఏమీ తినకుండా సాయంత్రం దాకా ఎదురుచూసింది. బస్సు ఆలస్యమైందని చెప్పాను. ఆ సంచిలోని ప్రసాదం ఎక్కడ పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.

చెప్పింది ఇంతే. గోరంత ఉంటే కొండంత చేసే నాకు, ఇందులో పెంచడానికి ఏమీ దొరకలేదు. పక్క కుర్చీ ఆయన వంతు వచ్చింది.

బయటికి వచ్చి చర్చి మెట్ల మీద కూర్చుని నగరికి ఫోన్ చేశాను. వెనక వాళ్లన్న మగ్గాల చప్పుడులో ఆమె గొంతు చిన్నగా వినిపించింది.

"పోయినేడు నేనొచ్చిన పొద్దు బస్సు లేటని చెప్పినా కదా. అబద్ధం" అన్నాను.

"తెలుసు. మన వీధి సాములంతా తొమ్మిదికే ఇండ్లకొచ్చేసిరి."

ఏడాదిగా ఆమెకు తెలుసు. ఒక్కసారి కూడా అడగలేదు.

"ఇప్పుడెందుకు చెప్తా ఉండావు?"

"ఈడ తాగుడు మానేవాళ్ల మీటింగులో చెప్పినా. నీకు చెప్పకుండా వాళ్లకు చెప్పడం బాగలేదనిపించింది."

ఆమె పక్క గదిలోకి వచ్చినట్టుంది, మగ్గాల చప్పుడు తగ్గింది.

"మాని ఎన్నాళ్లయింది?"

"నాలుగు దినాలు."

"మాల లేకుండానా?"

"లేకుండానే."

"మరి రేపు?"

ఇలాంటి ప్రశ్నకు ఇన్నేళ్లూ నేను చెప్పిన జవాబులన్నీ గుర్తొచ్చాయి. నీమీద ఒట్టు, పిల్లలమీద ఒట్టు, ఏడుకొండలవాడి మీద ఒట్టు.

"తెలీదు" అన్నాను. "సోమారం మీటింగుండాది. పోతా."

వస్తానని ఆమె అనలేదు. "పోయొచ్చినాక ఫోన్ చెయ్యి" అంది.