నొప్పి తగ్గిందని మెచ్చుకున్న యాప్

రెండేళ్ల కిందట, ఆడి (ఆషాఢ) నెలలో ఒక మధ్యాహ్నం, వేలూరు దగ్గర గుడియాత్తంలోని నా ఫిజియోథెరపీ గదిలో కూర్చుని గోవిందప్ప నవ్వుతూ ఒక మాటన్నాడు. "నొప్పి బాగా తగ్గిపోయినాదమ్మా. మగ్గం మీద కూర్చుంటే కింద పలక ఉండాదో లేదో కూడా తెలీలా. దూది మీద కూర్చున్నట్టుండాది."

ఆయన దాన్ని శుభవార్తగా చెప్పాడు. నేను మాత్రం చేస్తున్న పని ఆపేశాను.

గోవిందప్ప లుంగీలు నేసే మనిషి. యాభై దాటాయి. కాళ్లు గుంటలోకి దించి, చెక్కపలక అంచున పొద్దంతా కూర్చుని గుంట మగ్గం నేస్తాడు. ఆ రోజు తన కోసం రాలేదు. భార్య మునెమ్మకు భుజం పట్టేస్తే తోడు వచ్చాడు. ఆమె భుజానికి నేను వేడి కాపడం పెడుతుంటే, నా దగ్గరికి రాకుండానే తన నడుము నొప్పి ఎలా నయం చేసుకున్నాడో చెప్పి నన్ను కాస్త ఉడికించాలని చూశాడు.

నయం చేసింది ఫోన్‌లోని ఒక యాప్. తీసి చూపించాడు. అంతా అరవంలో ఉంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆయన చదవగలిగేది అరవమే. నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది లోపు ఒక అంకె చెప్పమని యాప్ రోజూ అడుగుతుంది, కొన్ని వ్యాయామాలు చూపిస్తుంది. ఆయన చెప్పిన అంకెలతో ఒక గీత గీసింది. మొదట్లో ఎత్తుగా ఉన్న గీత చివర్లో ఒక్కసారిగా నేలకు దిగింది. దాని పక్కన చప్పట్లు కొడుతున్న చేతుల బొమ్మ.

ఇలాంటి యాప్‌లు నాకు కొత్త కాదు. వేలూరులో మా సీనియర్ మేడమ్ నడిపే చిన్న బృందంతో కలిసి అప్పట్లో వాటి నాణ్యతనే పరిశీలిస్తున్నాను. ఎవరు తయారుచేశారు, వైద్యులెవరైనా చూశారా, చెప్పే సంగతులకు ఆధారముందా అని ఒక్కొక్కటీ వాడి చూసి మార్కులు వేయాలి. రంగులకు, బొమ్మలకు మార్కులు తేలిగ్గానే పడేవి. అన్నిటికన్నా నేను వెతికేది రెడ్ ఫ్లాగ్స్ గురించి. అంటే ఇంట్లో వ్యాయామం చేసుకుంటూ కూర్చోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిన లక్షణాలు. గోవిందప్ప యాప్‌ను అటూ ఇటూ తిప్పి చూశాను. వ్యాయామాలు తప్పేమీ కాదు. కానీ నొప్పి తప్ప అది ఆయన్ని ఇంకేమీ అడగలేదు.

నాకు భయం ఎక్కువ. పిల్లలిద్దరిలో ఎవరు తుమ్మినా థర్మామీటర్ వెతుకుతాను. మా ఆయన నన్ను ఆటపట్టించని రోజుండదు. అందుకే ఇది నా మామూలు భయమా, నిజంగా భయపడాల్సిందా అని ఒక్క నిమిషం నన్ను నేనే నమ్మలేకపోయాను. తేల్చుకోవడానికి ఒకటే దారి, అడగడం.

కాళ్లు మొద్దుబారుతున్నాయా అని అడిగాను. ఎడమ కాలి చెప్పు దారిలో జారిపోతే వెనకొచ్చే మనిషి పిలిచి చెప్పేదాకా తెలియలేదట. మూత్రం సరిగ్గా వస్తోందా అని అడిగాను. ఆయన గోడ వైపు చూశాడు. కూతురి వయసు దాన్ని, ఏం చెబుతాడు? మునెమ్మే అందుకుంది. నిన్నటి నుంచి దొడ్లోకి పోయి నిలబడతాడు, నిలబడతాడు, ఊరికే తిరిగొస్తాడు అంది. నీళ్లు తక్కువ తాగినాలే అని ఆయన విసుక్కున్నాడు.

ఆయన్ని తెర వెనక పడుకోబెట్టి, మునెమ్మ చేతికి దూది ఇచ్చాను. కూర్చునేటప్పుడు పలకకు ఆనే చోటల్లా మెల్లగా తాకించమని, తాకినప్పుడల్లా ఆయన్ని చెప్పమని వివరించి ఇవతల నిలబడ్డాను.

"మొదలుపెట్టు మే, ఎంతసేపు?" అన్నాడు గోవిందప్ప.

మునెమ్మ సన్నగా అంది. "నేను తాకిస్తానే ఉండాను కదయ్యా."

మన వెన్నుపాము నడుము దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి నరాలు విడివిడి పోగులై కిందికి దిగుతాయి. గుర్రం తోకలా ఉంటాయని ఆ కట్టను కాడా ఈక్వైనా అంటారు. ఎముకల మధ్య ఉండే డిస్కు జారి ఆ కట్టను గట్టిగా నొక్కితే కాళ్లు, కూర్చునే చోటి స్పర్శ, మూత్రం, విరేచనం అన్నీ చేయి దాటిపోతాయి. ఆలస్యమైతే తిరిగి రాకపోవచ్చు.

వెంటనే వేలూరు పోవాలన్నాను. మగ్గం మీద పడుగుందని, అది ముగించి వారం తర్వాత పోతానని ఆయన. నొప్పి ఉన్నప్పుడు పోనివాణ్ణి, పోయినాక ఆస్పత్రికి తోల్తావా అని నవ్వాడు కూడా.

"నాయనా, నీ నొప్పి నయమై పోలేదు," అన్నాను. "నొప్పిని మోసుకొచ్చే నరమే మూగబోయింది. ఇట్నే ఉంటే జన్మంతా ట్యూబు పెట్టుకుని మూత్రం తీయాల్సొస్తుంది."

ఆయన ఫోన్‌లోని గీత వైపు చూశాడు. మునెమ్మ ఆ ఫోన్ తీసుకుని తన సంచిలో వేసుకుంది. "దూది సంగతి దీనికేం తెలుసు? లెయ్, పోదాం పా" అంది.

పిల్లల్ని బడి నుంచి తెచ్చుకోమని మా ఆయనకు చెప్పి వాళ్లతోపాటే కారెక్కాను. మేడమ్‌కు ముందే ఫోన్ చేయడంతో స్కాన్ తొందరగా అయింది. తెర మీద ఆ బొమ్మ చూసిన క్షణం ఇప్పటికీ మరపురాదు. వెన్ను లోపలి తెల్లటి నీటిలో సన్నటి పోగులు తేలుతూ దిగుతున్నాయి. ఒకచోట నల్లటి ముద్ద అడ్డుపడి అన్నీ నలిగిపోయాయి. కాలి బొటనవేలు ఎత్తమని చెప్పేది ఒక పోగు, నేల చల్లగా ఉందని చెప్పేది ఇంకో పోగు. ఒక మనిషి పరువంతా వేలెడు మందం కూడా లేని ఆ కట్టలో ఉంది. ఎన్నో ఏళ్లు పుస్తకాల్లో చదివినదాన్నే, కానీ ఆ రోజు చేతులు జోడించాలనిపించింది.

ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. మర్నాడు కుట్ల నొప్పి మొదలైంది. యాప్ అలవాటుగా అంకె అడిగితే ఆయన ఎనిమిది అని కొట్టాడట. గీత పైకి లేచింది. నిరాశ పడొద్దు, వ్యాయామం మానొద్దు అని అది ఓదార్చింది. మునెమ్మ ఆ సంగతి వార్డులో అందరికీ చెప్పి నవ్వించింది.

ఆపరేషన్‌కు పెట్టిన మూత్రం ట్యూబు తీసిన రోజు పనిగట్టుకుని వెళ్లాను. నీళ్లు తాగించి ఎదురుచూడమన్నారు. మూత్రం వచ్చేది తనంతట తనకు తెలుస్తుందో లేదో డాక్టర్లకూ తెలియదు. ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నాడు. మేము ఏదేదో మాట్లాడుతున్నాం. ఉన్నట్టుండి ఆయన చెయ్యెత్తి మమ్మల్ని ఆపాడు, ఎక్కడో దూరంగా ఎవరో పిలుస్తుంటే వింటున్నట్టు.

"మునెమ్మా, వస్తాండాది," అన్నాడు. "నాకు తెలస్తాండాది."

ఇద్దరం చెరో రెక్క పట్టుకుని లేపాం. బాత్రూం తలుపు అవతల ఆ చప్పుడు వినిపించినప్పుడు మునెమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. రోజూ ఎన్నిసార్లో మనమెవరం పట్టించుకోని పని అది. దాని ముందు అంత నిశ్శబ్దంగా నిలబడతానని ఎప్పుడూ అనుకోలేదు.

ఎడమ పాదం పూర్తిగా కోలుకోలేదు. ఇప్పుడు కొద్దిసేపే నేస్తాడు, మిగతా పని మునెమ్మది. ఇక నేను ఏ యాప్‌కు మార్కులు వేసినా నొప్పి ఎంత అని అడగడంతో ఆగిపోయిందా, ఎక్కడైనా తిమ్మిరిగా ఉందా, మూత్రం ఆగిందా అని కూడా అడిగిందా అనే చూస్తాను. నొప్పి తగ్గడం, స్పర్శ పోవడం ఒకే గీతలా కనిపిస్తాయని ఆ కేసు నాకు నేర్పింది.

ట్యూబు తీసిన మర్నాటి పొద్దున పెద్దది బడికి జడ వేయించుకుంటోంది. చిన్నవాడు పక్కన ఇడ్లీ చిదుముతున్నాడు. ఇద్దర్నీ దగ్గరికి లాక్కుని చెప్పాను. "ఎక్కడైనా నొప్పి పెడితే నాకు చెప్పండి. నొప్పి పెట్టాల్సిన చోట ఏమీ తెలియకపోతే, అది ఇంకా ముందు చెప్పండి. ఒంటికొచ్చిందనైనా సరే, రెండుకొచ్చిందనైనా సరే, ఎన్నిసార్లు చెప్పినా నేనింక విసుక్కోను."