ఒక్క గడీ ఖాళీ లేదు

ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూసే మనిషి శాలిని. భవానీపురం రక్తదాతలు ఎవరి వివరాలు వాళ్ళే నింపుకునేలా ఇంటర్నెట్‌లో పట్టిక తయారుచేసినప్పుడు, బ్లడ్ గ్రూపు ఎంచుకోనిదే పేరు చేరకుండా కట్టుదిట్టం చేసింది. ఖాళీ గడులంటే ఆమెకు భయం.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. కాన్పులో ఒకామెకు ఓ పాజిటివ్ రక్తం వెంటనే కావాలి. శాలిని ఆ గ్రూపు జాబితాలో మొదటి పేరుకి ఫోన్ చేసింది.

"ఏసుపాదం గారూ, మీది ఓ పాజిటివేనా అండీ?"

"ఏమోనమ్మా, ఎప్పుడూ పరీక్ష చేయించలేదు. 'తెలియదు' అని నొక్కుదామంటే నువ్వు పెట్టలేదుగా. అన్నిటికంటే పైనున్నది నొక్కేశాను."

శాలిని జాబితాని చివరిదాకా జరిపి చూసింది. తెర మీద ఓ పాజిటివ్ వరుసలో రెండు వందల పన్నెండు పేర్లున్నాయి. చున్నీ అంచు వేలికి బిగించి చుట్టుకుని, రెండో నంబరు నొక్కింది.