నిటారు నడక

ఆ ప్రసూతి ఆసుపత్రిలో ఆమెను అందరూ పెద్దాయా అంటారు. ఎంతమంది డాక్టర్లు వచ్చి వెళ్లారో, ఎంతమంది నర్సులు పెళ్లిళ్లు చేసుకుని, తమ కాన్పులకు కూడా అక్కడికే వచ్చి, మళ్లీ డ్యూటీలో చేరారో ఆమెకే తెలుసు. పురిటి గది నేల కడిగేది ఆమె. నెత్తుటి దుప్పట్లు మూట కట్టి కిందికి చేరవేసేది ఆమె. పుట్టిన బిడ్డను గుడ్డలో చుట్టి, బయట కాళ్లు కాలిన పిల్లుల్లా తిరుగుతున్నవాళ్ల చేతుల్లో పెట్టేదీ ఆమే. ఇంత చాకిరీ చేసే మనిషి ఆ ఆసుపత్రి దృష్టిలో ఆసుపత్రి మనిషి కాదు. ఆయాలందరూ కాంట్రాక్టరు మనుషులు. వాళ్లకు రిటైర్మెంటు ఉండదు. "రేపట్నుంచి రావద్దు" అనే మాట ఒక్కటే ఉంటుంది.

ఆ మాట అనేవాడు సూపర్‌వైజరు. వరండా చివర బల్ల వేసుకుని కూర్చుంటాడు. అతను పనిని చూడడు, కాళ్లను చూస్తాడు. ఎవరైనా కుంటుతూ కనిపిస్తే చాలు, "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా? కొన్నాళ్లు ఇంటిదగ్గర రెస్టు తీసుకో" అంటాడు తేనె పూసినట్టు. ఆ రెస్టుకు వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదు. అందుకని ఆయాలు ఒక నడక నేర్చుకున్నారు. ఆ బల్ల కనుచూపులోకి రాగానే నడుం నిలబెట్టాలి. బకెట్టు ఏ చేత్తో పట్టుకుంటే కుంటు కనపడదో తెలిసుండాలి. దుప్పట్ల బండి దొరికితే అదృష్టమే, ఒంటి బరువంతా దానిమీద వేసి నెట్టుకుంటూ పోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, పక్కనున్నామెతో ఏదో ఒకటి మాట్లాడుతూ నవ్వాలి. నవ్వుతున్న మనిషికి నొప్పి ఉండదని సూపర్‌వైజరు నమ్మకం.

పెద్దాయాకు రెండు మోకాళ్లూ అరిగిపోయి చాలా కాలమైంది. ఆ నడకలో మాత్రం ఆమెను మించినవాళ్లు లేరు. కొత్తగా చేరినవాళ్లకు నేర్పేది కూడా ఆమే.

ఇంటికొస్తే తమ్ముడు. అమ్మానాన్నా పోయాక ఆమే అమ్మయి చంకనెత్తుకుని పెంచినవాడు. పెద్ద బట్టల దుకాణంలో మెట్ల కింద కుట్టుమిషను ముందు కూర్చుంటాడు. జనం కొన్న ప్యాంట్లు పొట్టి చేస్తాడు, బిగుతు చొక్కాలు వదులు చేస్తాడు. పొద్దున్న ఆ మెట్ల కింద దూరితే మళ్లీ బయటికొచ్చేసరికి దీపాలు వెలిగే వేళ. నల్ల గుడ్డమీద నల్ల దారం పోల్చుకోవడానికి కళ్లద్దాలు మార్చీ మార్చీ, ఇక ఇంతకన్నా మందమైనవి లేవనిపించుకున్నాడు.

ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. ముందు మనకంటూ ఓ గూడు ఏర్పడనీ అనుకుంటూ ఉండగానే ఇద్దరి తలలూ నెరిశాయి. ఎవరైనా ఆ ఊసెత్తితే తమ్ముడు నవ్వేవాడు. "ఇప్పుడు పెళ్లిచూపులకెళ్తే పిల్ల తండ్రి లేచి నిలబడి, రండన్నయ్యా అంటాడు."

ఉన్న అద్దె ఇళ్లన్నీ వెనక వాటాలే. ముందు వాటాలో ఓనరు, ఓనరు వెలుతురు, ఓనరు గాలి. వెనక వాటాకు మిగిలేది వాళ్ల వంటింటి పొగ. ఇల్లు ఖాళీ చేయమన్నప్పుడల్లా మూటాముల్లే సర్దుకుని ఇంకో వెనక వాటాకు పోవడమే బతుకైంది. చివరికి, ఏళ్ల తరబడి పైసా పైసా కూడబెట్టాక, ఒక బ్రోకరు రెండు ఇళ్లు చూపించాడు.

మొదటిది ఆసుపత్రి వెనక వీధిలో, నేలమీదే. ఒకటే గది, వంటకు ఓ మూల. కిటికీ తెరిస్తే చేతికందే దూరంలో పక్కింటి గోడ. పట్టపగలు లైటు వేసుకోవాలి. కానీ దాచుకున్నదానికి చిన్న అప్పు కలిస్తే సరిపోతుంది. రెండోది మూడో అంతస్తులో. రెండు గదులు, తూర్పున ఒక కిటికీ, పడమట ఒక కిటికీ. దానికి ఇద్దరి జీతాలూ బ్యాంకుకు చూపించాలి, ఇద్దరూ ఏళ్లపాటు ఒక్క నెల కూడా తప్పకుండా పని చేయాలి.

రెండో ఇల్లు చూడ్డానికి వెళ్లినరోజు మెట్ల దగ్గర బ్రోకరు ఒక ఖాళీ గుంటను గర్వంగా చూపించాడు. "లిఫ్టు కోసమండీ. గోడలు కూడా లేచిపోయాయి. లిఫ్టొచ్చి ఇందులో కూర్చోవడమే తరువాయి."

"అది కూర్చునేదాకా మేం ఎక్కుతూ ఉండాలన్నమాట" అన్నాడు తమ్ముడు.

"మీ నోరు ఊరుకోదు కదండీ! ఏడాది తిరక్కుండా వచ్చేస్తుంది. రాకపోతే నా పేరు మార్చుకుంటా."

"పేరు మార్చుకుంటే మేం మిమ్మల్ని ఎక్కడని వెతుక్కోవాలి?"

బ్రోకరు ముందుగా ఎక్కి, మలుపులో ఆగి, చంకలో ఫైలుతో కిందికి చూశాడు. ఆమె కాళ్లవైపు చూశాడు. అంతే. పెద్దాయా నడుం నిటారుగా లేచింది. మొహంమీదికి నవ్వొచ్చింది. బ్రోకరుతో ఏవో కబుర్లు చెబుతూ, ఎక్కడా ఆగకుండా మూడంతస్తులూ ఎక్కేసింది. తాను ఏం చేసిందో ఆమెకు పైకి చేరాక గానీ తెలియలేదు. అప్పటికి మోకాళ్లలో నిప్పులు పోసినట్టుంది.

తమ్ముడు తూర్పు కిటికీ దగ్గరికి వెళ్లాడు. చొక్కా కాలరుకు ఎప్పుడూ గుచ్చి ఉండే సూది తీశాడు, జేబులోంచి దారం తీశాడు. కళ్లద్దాలు నుదుటిమీదికి నెట్టి, దారం కొస నోట్లో తడిపి, ఒక్కసారికి ఎక్కించేశాడు. ఆ సూదిని వెలుతురులో పైకెత్తి చూస్తూ చిన్నపిల్లాడిలా నవ్వాడు. పెద్దాయా ఆ క్షణంలోనే ఇల్లు కొనేసింది. మిగిలినదంతా సంతకాలే.

కానీ ఆ సాయంత్రం తమ్ముడు అడ్డం తిరిగాడు.

"మొదటిదే తీసుకుందాం అక్కా."

"ఏం? ఇందాక కిటికీకి అతుక్కుపోయావుగా?"

"నీ మోకాళ్లు."

"నా మోకాళ్లకేం రోగం? నీ కళ్ల ముందే ఎక్కలా? నువ్వే కుక్కపిల్లలా ఒగరుస్తూ వచ్చావు."

"రోజూ తైలం రాసుకుంటున్నావు మరి."

"తైలం ఎవరు రాసుకోర్రా? మా డాక్టరమ్మ కూడా రాసుకుంటుంది. ఆవిణ్ణి కూడా నేల ఇల్లు కొనుక్కోమను."

తమ్ముడు నవ్వలేదు. "నిజం చెప్పక్కా. నీకేమైనా అయితే నా ఒక్కడి జీతంతో కిస్తీ కట్టలేను."

"పగలంతా మెట్ల కింద కూర్చుని, ఇంటికొచ్చి మళ్లీ గుహలో దూరతావా? ఆ కళ్లు ఇంకెన్నాళ్లు పనిచేస్తాయనుకున్నావు? నాకేం కాదు. ఎక్కడం చూశావుగా."

చూశాడు కాబట్టే నమ్మాడు. నమ్మాలని అతనికీ ఉంది. తప్పు ఎవరిదని అడిగేవాళ్లు ఇక్కడే ఆగి, మనుషుల కళ్లకు కావలసినంత వెలుతురును రెండు జీతాల ధరకు అమ్ముతున్నది ఎవరో కూడా అడగాలి.

మొదట్లో బాగానే ఉంది. పొద్దున్న ఎండ పక్కమీదికొచ్చి తమ్ముణ్ని లేపేది. సెలవురోజు అతను కిటికీ పక్కన కూర్చుని, చుట్టుపక్కలవాళ్ల బట్టలు కుట్టిపెట్టి నాలుగు రాళ్లు సంపాదించేవాడు. లిఫ్టు గుంటలో మాత్రం లిఫ్టు కూర్చోలేదు. పాత సైకిళ్లు, విరిగిన కుర్చీలు, ఎవరిదో పరుపు వచ్చి కూర్చున్నాయి. ఆ బిల్డింగు కట్టినవాడు ఫోనెత్తడం మానేశాడు.

కిస్తీకి చాలక పెద్దాయా సెలవురోజు డ్యూటీ కూడా ఒప్పుకుంది. తమ్ముడు ఇంట్లో ఉన్నాడంటే నిటారుగా ఎక్కేది. లేడంటే వెనక్కి తిరిగి, మెట్టుమీద కూర్చుని, చేతులు ఊని, ఒంటిని ఒక్కో మెట్టుకూ ఎత్తుకునేది. ఎవరైనా దిగుతున్న చప్పుడైతే చెప్పులో రాయి దూరినట్టు చెప్పు తీసి దులిపేది. కొన్నాళ్లకు అదీ చేతకాలేదు. "ఇవాళ కాన్పులెక్కువరా, ఇక్కడే పడుకుంటా" అని ఫోను చేయడం మొదలుపెట్టింది. ఉతికిన దుప్పట్లు పేర్చే గదిలో ఒక మూల ఆయాలకు చాప ఉంటుంది. వారానికి ఒకరోజు అక్కడ పడుకునే మనిషి, చూస్తూ చూస్తూ, వారానికి ఒకరోజు ఇంటికొచ్చే మనిషైంది. ఏ ఇంటికోసం పనిచేస్తోందో ఆ ఇంట్లో ఆమె చుట్టమైపోయింది.

అక్కకు తనమీద కోపమొచ్చిందనుకున్నాడు తమ్ముడు. ఏం తప్పు చేశానా అని ఎంత ఆలోచించినా తట్టలేదు. ఒక సెలవురోజు ఆమె బట్టలు ఉతికి, సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు.

వరండా మొదట్లో నిలబడ్డాడు. అక్క ఎదురుగా వస్తోంది. తల వంచుకుని ఉంది, అతన్ని చూడలేదు. ఒక చెయ్యి గోడకు ఆనించింది. ఒక కాలు వేసి, రెండోదాన్ని ఈడ్చి, ఆగి, పెదవి కొరుక్కుని, మళ్లీ కాలు వేస్తోంది. పిలవబోయాడు. ఈలోగా పక్క గదిలోంచి సూపర్‌వైజరు బయటికొచ్చాడు. అంతలోనే అక్క గోడ వదిలేసింది. బకెట్టు అందుకుంది. నడుం లేచింది. పక్కనున్న ఆయాతో, "నీ మొగుడు వంట నేర్చుకున్నాడంటగా, ఇంకా బతికే ఉన్నావా?" అని పకపకా నవ్వుతూ సూపర్‌వైజరు ముందునుంచి దర్జాగా నడిచి వెళ్లిపోయింది.

ఆ నడక తమ్ముడికి తెలుసు. ఇల్లు చూడ్డానికెళ్లినరోజు, మెట్లమీద, అతను వెనకే ఉండి చూసిన నడక అది.

పెరట్లో కుళాయి దగ్గర ఆమెను పట్టుకున్నాడు. "ఆరోజు కూడా ఇలాగే ఎక్కావు కదూ?"

ఆమె సంచి అందుకుని బట్టలు చూసింది. "ఇన్నెందుకు తెచ్చావురా?"

"అక్కా, నేను అడుగుతున్నా."

ఆమె గట్టుమీద కూర్చుంది. కూర్చోవడానికి అతని భుజం పట్టుకోవలసి వచ్చింది. అతనెదుట అలా పట్టుకోవడం అదే మొదటిసారి.

"అలవాటైపోయిందిరా. ఎవరైనా కాళ్లవైపు చూస్తే చాలు, దానంతటదే వచ్చేస్తుంది. నేను కావాలని చేయలా."

"ఇంటికొచ్చాకైనా చెప్పొచ్చుగా. అడిగానుగా నిన్ను." "నన్ను కూడా సూపర్‌వైజర్ని చేసేశావక్కా."

ఆమె బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని దాన్నే నిమురుతూ కూర్చుంది.

ఇల్లు అమ్మేద్దామనుకున్నారు. కొనడానికి వచ్చినవాళ్లు గుంటను చూసి, మెట్లు చూసి, ఫోను చేస్తామని వెళ్లిపోయారు. ముందే అప్పు తీర్చేస్తే అదనంగా కట్టాలంది బ్యాంకు. కిస్తీ కట్టకపోతే ఇంకా ఎక్కువంది. ఎటు తిరిగీ ఒకటే దారి మిగిలింది. ఆ ఇంటిని అద్దెకిచ్చి, ఆ అద్దె కిస్తీకి వేసి, తాము నేలమీద ఎక్కడో అద్దెకుండటం. మొదట చూసిన ఇల్లు అప్పటికే ఎవరో కొనుక్కున్నారు. దాని పక్క సందులో, ఒక వెనక వాటాలో గది దొరికింది.

సామాను దించింది తమ్ముడూ, దుకాణంలోని ఇద్దరు స్నేహితులూ. పెద్దాయా రాలేదు. ఆమె ఆ మెట్లు మళ్లీ ఎక్కలేదు.

అద్దెకొచ్చేవాళ్లకు ఇల్లు చూపించి తమ్ముడు సాయంత్రానికి తిరిగొచ్చాడు. ఆమె మంచంమీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

"ఎలాంటివాళ్లురా?"

"కొత్తగా పెళ్లైనవాళ్లు. ఆ అమ్మాయి కిటికీ దగ్గర నిలబడిపోయింది. పిలిచినా వినపడలేదు."

"అద్దె ఎంత చెప్పావు?"

చెప్పాడు. కిస్తీకి సరిగ్గా సరిపోయే మొత్తం. ఆ ఇంటికి అది చాలా ఎక్కువని ఇద్దరికీ తెలుసు. ఇన్నేళ్లూ ఏ ఓనర్లనైతే కడుపు మండి తిట్టుకున్నారో, వాళ్లలో ఎవరూ అంత అడగలేదు.

"మరి ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారు. ఆ అబ్బాయి గోదాములో ఇంకో పని కూడా చూసుకుంటాడట. మూటలెత్తే పని."

పెద్దాయా కాళ్లు ముడుచుకోబోయి, నొప్పికి ఆగిపోయింది. "తగ్గించమని అడగలేదా?"

"అడిగేవాడేనక్కా. నోరు తెరిచాడు కూడా. తగ్గించలేనని వాడి మొహంమీద చెప్పలేక, తాళం చేతిలో పెట్టి గబగబా దిగొచ్చేశాను."