బ్యాటరీ లేని కారు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే చాలు, నాకు ఏదో పని గుర్తొచ్చి లేచి వెళ్లిపోతాను. నంద్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. వైరులో కరెంటు ఎందుకు పారుతుందో పిల్లలకు చెప్పుకుంటూ ఇరవై ఏళ్లుగా సంసారం నెట్టుకొస్తున్నాను. మాది చర్చికి వెళ్లే కుటుంబం. దేవుడి మీద నమ్మకం ఉంది. ఆయన తప్ప కంటికి కనబడనిది ఇంకేమీ లేదని కూడా అంతే గట్టిగా నమ్మేవాణ్ణి. కాబట్టి ఇది చదివి ఎవరైనా నవ్వితే నాకు కోపం రాదు. ఏడాది కిందటైతే నేనూ నవ్వేవాణ్ణే.

ఇది మా కారుకు సంబంధించిన సంగతి. అందుకని ముందు ఆ కారు గురించి చెప్పాలి.

దానికి రెండే సీట్లు. పైన ఇనుప కప్పు ఉండదు, మడిచి వెనక్కి నెట్టే గుడ్డ టాపు. బాడీ అంతా ఫైబర్. మన దేశంలోనే తయారైన స్పోర్ట్స్ కారు అది. ఎన్ని అమ్ముడుపోయాయో తెలియదు కానీ, రోడ్డు మీద అలాంటిది ఇంకొకటి నేను చూడలేదు. పేరు చెబితే "అట్లాంటి కారు కూడా ఉండాదా?" అంటారు. ఆళ్లగడ్డలో దాన్ని సబ్బుపెట్టె అంటారు. ఒకసారి శిరివెళ్ల దగ్గర వడ్ల మూటలతో పోతున్న ట్రాక్టర్ మమ్మల్ని దాటేసింది. డ్రైవర్ వెనక్కి తిరిగి మరీ నవ్వాడు. ఆ రోజు నేను సిగ్గుతో తలవంచుకున్నాను. మా అన్న మాత్రం హారన్ కొట్టి అతనికి చెయ్యి ఊపాడు.

మా అన్న పేరు దానియేలు. ఆళ్లగడ్డలో డ్రాయింగ్ మాస్టరు, నాకంటే ఆరేళ్లు పెద్ద. పదిహేనేళ్ల కిందట ఇద్దరం కలిసి బెంగళూరు వెళ్లి, ఒక ముసలాయన దగ్గర ఆ కారు కొన్నాం. ఒక నెల ఆళ్లగడ్డలో అన్న దగ్గర, ఒక నెల నంద్యాలలో నా దగ్గర ఉండేది. ఇంట్లో ఆడవాళ్లకు అదంటే పడేది కాదు. పెళ్లాం బిడ్డలు కలిసి ఎక్కడానికి వీల్లేనిది అసలు కారేనా అని మా వదిన దెప్పేది. అన్న వెళ్లి దాన్ని ఇంకోసారి తుడిచి వచ్చేవాడు.

నిజం చెప్పాలంటే, కారు ఇద్దరిదీ అయినా అది ఆయన మాటే వినేది. ఎక్కడైనా ఆగిపోతే నేను మల్టీమీటర్ తీసి ఒక్కో వైరూ చూస్తుండేవాణ్ణి. ఆయన వచ్చి ఎక్కడో ఒకచోట రెండు దెబ్బలు తట్టేవాడు, స్టార్టయ్యేది. "నీ చదువు ఈడ పనికిరాదు లే," అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం చురుక్కుమనేది. యాభైకి దగ్గరపడ్డ మనిషికి అన్న మీద అలాంటి ఉక్రోషం ఉందంటే నవ్వొస్తుంది, కానీ ఉండేది.

పోయిన ఎండాకాలంలో ఆళ్లగడ్డలో ఒక ట్రాక్టర్ వెనక్కి వస్తూ కారు ముక్కు పగలగొట్టింది. ఫైబర్ బాడీ కాబట్టి మామూలు షెడ్లలో ఎవరూ ముట్టుకోలేదు. ఆళ్లగడ్డ విగ్రహాలకు పేరున్న ఊరు కదా. రాతి విగ్రహాలతో పాటు ఇప్పుడు అక్కడ ఫైబర్ విగ్రహాలూ చేస్తున్నారు. అన్న స్నేహితుడు వీరాచారి అలాంటి శిల్పి. దేవుళ్ల బొమ్మలు, నాయకుల బొమ్మలు చేసే చేత్తోనే మా కారు ముక్కు కూడా అచ్చుపోసి అతికించాడు. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియలేదు.

వాళ్ల పనిలో ఒక పద్ధతి ఉంది. విగ్రహానికి కళ్లు చివర్న తెరుస్తారు. అంతదాకా కళ్లకు గుడ్డ కట్టి ఉంచుతారు. వీరాచారి మా కారు హెడ్‌లైట్లకు కూడా అలాగే ఎర్రగుడ్డ కట్టాడు. వైర్లు కలిపి, బ్యాటరీ పెట్టి, అన్నదమ్ములిద్దరూ ఎదురుగా ఉన్నప్పుడే విప్పమన్నాడట.

ఫోన్లో అన్నను ఆటపట్టించాను. "ఏందన్నా, కారుకు ప్రతిష్ఠ చేయిస్తాండావా? పాస్టరుగారికి చెప్పమంటావా?"

"చేతిపని చేసినోని మాట లే అది. గుడ్డ ఉంటే నీకేమన్నా బరువా?" అన్నాడు.

ఆ నెల కారు నా వంతు. వైరింగు, ఇంజను పని నంద్యాలలో చేయించాలనుకున్నాం. బేతంచెర్ల నుంచి బండలు తెచ్చి ఆళ్లగడ్డలో దింపిన లారీ ఒకటి ఖాళీగా తిరిగి పోతుంటే, విగ్రహాలు లారీకెక్కించే అరుగు మీద నుంచి కారును అందులోకి తోశారు. శుక్రవారం సాయంత్రానికి అది మా ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉంది. ముందు లైట్లకు ఎర్రగుడ్డ, లోపల బ్యాటరీ లేదు. బ్యాటరీని అన్న ఆళ్లగడ్డలోనే తనకు తెలిసిన షాపులో చార్జింగుకు ఇచ్చాడు. ఆదివారం పొద్దున బైకు మీద కట్టుకుని తెస్తానన్నాడు.

"నంద్యాలలో బ్యాటరీ షాపులు లేవా అన్నా? నలభై కిలోమీటర్లు బరువు మోసుకోని రావాల్నా?" అన్నాను.

"ఉండాయి లే. మన కారు సంగతి వాళ్లకేం తెలుసు?"

అదే మా అన్న. ఆ బ్యాటరీలో నీళ్లు కూడా ఇంకొకరిని పోయనిచ్చేవాడు కాదు.

ఆదివారం పొద్దున ఏడూ పదికి నా భార్య మేరీ పెరట్లో నుంచి పిలిచింది. షెడ్డులో లైటు వేసి మరిచిపోయారా అంది. షెడ్డులో లైటే లేదు. వెళ్లి చూశాను.

కారు హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి. ఎర్రగుడ్డ వెనక రెండూ వెలుగుతున్నాయి. మరీ ఎక్కువ కాదు, బ్యాటరీ దిగిపోయినప్పుడు ఉండే నీరసపు వెలుగు. మిణుకుమిణుకుమనడం లేదు. షెడ్డు ముఖం పడమటికి, పొద్దుటి ఎండ అందులో పడదు. నేను చెయ్యి అడ్డం పెట్టి చూశాను. గుడ్డలోంచి వచ్చిన వెలుగు నా అరచేతి మీద పడింది. మేరీ కూడా చూసింది. ఆమెను ఇప్పుడు అడిగినా ఇదే చెబుతుంది.

బానెట్ ఎత్తాను. బ్యాటరీ ఉండాల్సిన తట్ట ఖాళీగా ఉంది. హెడ్‌లైట్లకు వెళ్లే వైర్లు దేనికీ తగిలించి లేవు. వీరాచారి వాటి కొసలను ప్లాస్టిక్ కవర్లో చుట్టి దారంతో కట్టాడు. ఆ ముడి అలాగే ఉంది. లైటు వెనక పిన్నుల మీద మల్టీమీటర్ పెట్టాను. సున్నా చూపించింది. మీటరు పాడైందేమోనని ఇంట్లో ప్లగ్గులో పెట్టి చూసుకుని వచ్చాను. మీటరు బాగానే ఉంది. మళ్లీ పెడితే మళ్లీ సున్నానే.

మేరీకి భయం వేసింది. "బావకు ఒక ఫోన్ చేసి అడగరాదా?" అంది.

"వస్తాండాడు కదా. వచ్చినాక చూస్తాడు," అన్నాను.

ఆమె ఇంకోసారి కూడా అంది. నేను విసుక్కున్నాను.

ఏడూ పద్దెనిమిదికి వీడియో తీశాను. ఆ కారు ఉన్నవాళ్లందరం కలిసిన వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. పట్టుమని పాతిక మందిమి లేము. ఎవరికి ఏ స్క్రూ దొరక్కపోయినా అందులోనే అడుక్కుంటాం. వీడియో అందులో పెట్టి, బ్యాటరీ లేకుండా లైట్లు వెలుగుతున్నాయి, ఎవరికైనా ఇలా జరిగిందా అని అడిగాను. బెంగళూరు నుంచి ఒకాయన ఎర్తింగ్ చూడమన్నాడు. ఇంకొకాయన "మాకు బ్యాటరీ ఉన్నా వెలగవు, మీరు అదృష్టవంతులు" అని నవ్వే బొమ్మలు పెట్టాడు. అన్న కూడా ఆ గ్రూపులో ఉన్నాడు. ఎవరెవరు చూశారో తీసి చూశాను. అన్న పేరు చూసినవాళ్లలో లేదు. బండి మీద ఉన్నాడు కదా అనుకున్నాను.

తర్వాత ప్రతి వైరూ వెతికాను. రేకులకు కరెంటు తగులుతోందేమో చూశాను. ఇంటి మెయిన్ స్విచ్ ఆపేసి వచ్చాను. లైట్లు ఆరలేదు. ఎర్రగుడ్డ మాత్రం విప్పలేదు. నాకు నమ్మకం ఉండి కాదు, అన్న వచ్చి గొడవ చేస్తాడని.

ఎనిమిదికి పది నిమిషాలుండగా రెండూ ఒకేసారి ఆరిపోయాయి. కారణం తెలియకుండానే ఆరిపోయాయని నాకు చిరాకేసింది. చేతులు కడుక్కుంటుంటే అన్న ఫోన్ నుంచి కాల్ వచ్చింది. ఎవరో కొత్త గొంతు.

"సార్, ఈ ఫోన్ ఆయన మీకేమైతాడు?"

అతను ఆటో డ్రైవర్. శిరివెళ్ల దాటాక నంద్యాల దోవలో, ఒక మోరీ, అంటే చిన్న కల్వర్టు, దాని పక్కన అన్న పడిపోయి ఉన్నాడట. బైకు సైడు బాక్సులో ఫోను చూసి నాకు చేశాడు. నంద్యాల పెద్దాసుపత్రికే తెస్తున్నానన్నాడు. నేను వెళ్లేసరికి ఆటో ఇంకా రాలేదు. వచ్చాక డాక్టరు చూసి, ప్రాణం దారిలోనే పోయిందన్నాడు. గుండెపోటు. అరగంట ముందు తెచ్చి ఉంటే ఏమైనా చేసేవాళ్లం అన్నాడు. డాక్టర్లు అందరికీ అనే మాటే అయి ఉండవచ్చు. నాకు మాత్రం అది ఇప్పటికీ చెవిలోనే ఉంది.

మూడో రోజు ఆ మోరీ దగ్గరికి వెళ్లాను. పక్క చేలో పత్తి తీస్తున్న ఒక పెద్దావిడ ఆ రోజు అన్నను చూసింది.

"ఏడు దాటినాక వచ్చె నాయనా. బండి స్టాండేసి మోరీ మీద కూర్చునె. చేత్తో రొమ్ము రుద్దుకుంటాండె. అలిసిపోయినాడేమోలే అనుకుంటిమి. ఎంతసేపైనా లేయల్యా. పోయి చూస్తే పక్కకు ఒరిగిపోయిండాడు. అప్పుడు ఆటోను ఆపితిమి."

అంటే దాదాపు నలభై నిమిషాలు ఆయన అక్కడే కూర్చున్నాడు. బస్సులు, ఆటోలు, ట్రాక్టర్లు ముందు నుంచే పోయాయి. ఎవరినీ తప్పుపట్టలేను. కూర్చున్న మనిషిని చూసి ఎవరాగుతారు?

బ్యాటరీ బైకు వెనక రబ్బరు ట్యూబుతో కట్టింది కట్టినట్టే ఉంది. ఎక్కడా పగల్లేదు, నీళ్లు కారలేదు. శనివారం రాత్రి నిండా చార్జింగు పెట్టి ఇచ్చానని షాపతను ప్రమాణం చేశాడు. నేను మీటరు పెడితే నాలుగు వోల్టులు కూడా లేవు. పాత బ్యాటరీ కాబట్టి లోపల షార్టయి ఉండవచ్చు. కాలేజీలో పిల్లలు అడిగితే అదే చెబుతాను.

అన్నను మట్టి చేసిన రోజు వచ్చిన వీరాచారిని పక్కకు తీసుకెళ్లి అంతా చెప్పాను. ఆయన దగ్గర ఏదో ఒక సమాధానం ఉంటుందనుకున్నాను.

"కళ్లు తెరవకముందు ఏ బొమ్మా చూడదు సారూ. మా తాతల కాలం నుంచి నేనట్లా ఇనల్యా. నాకూ తెలీదు," అన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

పాస్టరుగారు ప్రార్థన చేసుకోమన్నారు. మా కాలేజీలో ఇంకో ఫిజిక్స్ లెక్చరర్ వీడియో నాలుగుసార్లు చూసి, ఎదురింటి కిటికీ అద్దం మీది ఎండ అన్నాడు. మా షెడ్డు ఎదురుగా ఇల్లే లేదు, ఖాళీ స్థలం. ఆ మాట చెబితే అతను ఫోను నా చేతికిచ్చి టీ తాగుదాం రమ్మన్నాడు. లైట్లు ఎందుకు వెలిగాయో నాకు తెలియదు. ఇంతవరకు తెలియలేదు, ఇక తెలుస్తుందన్న ఆశ కూడా లేదు.

కానీ ఫోన్ ఎందుకు చేయలేదో నాకు తెలుసు. ఆ ఒక్కసారైనా అన్న వచ్చేలోగా నేనే కనుక్కోవాలనుకున్నాను. వచ్చి తట్టి బాగుచేసి, నీ చదువు పనికిరాదు లే అనే అవకాశం ఆయనకు ఇవ్వకూడదనుకున్నాను. అన్న ఎప్పుడూ రెండో రింగుకే ఫోన్ ఎత్తేవాడు, బండి మీద ఉన్నా ఆపి ఎత్తేవాడు. ఎత్తకపోతే నాకు అనుమానం వచ్చేది, బయల్దేరేవాణ్ణి. ఆ మోరీ మా ఇంటి నుంచి బైకు మీద ఇరవై నిమిషాలు.

నలభై రోజుల జ్ఞాపకార్థ కూడిక అయ్యాక వదిన నన్ను అడిగింది. మేరీ నా పక్కనే కూర్చుని ఉంది.

"ఆ పొద్దు ఆయన నీకు ఫోన్ ఏమన్నా చేసినాడా అప్పా? నువ్వేమన్నా చేసినావా?"

"లేదు వదినా. బండి మీద వస్తాంటాడు కదా, ఎందుకులే అని చేయలేదు. కారు సంగతి చెప్పాలని కూడా అప్పుడు తట్టలేదు," అన్నాను.

వదిన తలూపింది. "అవున్లే, నీకు మాత్రం ఎట్లా తెలుస్తాది," అంది.

మేరీ నా వైపు చూసింది. తర్వాత లేచి లోపలికి వెళ్లి, వదినకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ రోజు తను రెండుసార్లు చెప్పిన మాట ఇంతవరకు ఎవరి దగ్గరా ఎత్తలేదు, నా దగ్గర కూడా.