అడ్డుపెట్టిన అరచేతులు

ఫిల్మ్‌నగర్‌లో మా పై వాటాలో ఒక ఎడిటర్ ఉండేవాడు. పసిబిడ్డకు జ్వరం చూసినట్టు తన ఖరీదైన లాప్‌టాప్ మీద మాటిమాటికీ అరచేయి ఆనించేవాడు. తీస్తున్న సినిమా అంతా అందులోనే ఉంది. మెమరీ పెంచాడు, ఫ్యాన్ మార్పించాడు. అయినా అది వేడెక్కి ఆగిపోయేది. విప్పి చూస్తే లోపలంతా విభూతి, అగరుబత్తి బూడిద. సినిమా నిర్మాత రోజూ దానికి పూజ చేసేవాడట.

"ఆ పూజ మానమని నిర్మాతకు చెప్పవేమయ్యా?" అని మండిపడ్డాను.

"చెప్పానండీ. మిషన్‌కి దిష్టి తగిలిందని ఇప్పుడు రెండు పూటలా చేస్తున్నారు."

ఎన్నో సభల్లో మూఢనమ్మకాలపై వాదించిన నేను నిర్మాతతోనూ గంటసేపు వాదించాను. ఆయన ఓపిగ్గా విని, నాకూ హారతి ఇచ్చి, లాప్‌టాప్ మీద విభూతి చల్లబోయాడు.

ఎడిటర్ గబుక్కున వంగి గాలి రంధ్రాలకు రెండు అరచేతులూ అడ్డుపెట్టాడు.

"చూశారా, కుర్రాడికి ఎంత భక్తో!" అన్నాడు నిర్మాత.