మామను పట్టిన రీలు

ఫోన్లో ఇంటర్నెట్ అప్పుడప్పుడే చవకై, నాకు తెలియనిదంటూ లోకంలో ఏదీ మిగల్లేదని గట్టి నమ్మకం కుదిరిన రోజులవి. నాకు ఇరవై నాలుగేళ్లు. కామారెడ్డిలో బోరు మోటార్లు దించే, ఎత్తే పనిలో ఉండేవాణ్ని. అటు భిక్నూర్ నుంచి ఇటు సదాశివనగర్ దాకా ఏ రైతు మోటారు కాలినా మా బండి వెళ్లాల్సిందే. ఎవరేం అడిగినా ‘తెలుసు’ అనడం నాకు వెన్నతో పెట్టిన విద్య. బస్సు ఎన్నింటికొస్తుంది? తెలుసు. ఈసారి వానలెట్లుంటాయి? తెలుసు. (బస్సూ రాలేదు, వానలూ రాలేదు, అది వేరే సంగతి.) ‘తెల్వది’ అన్న మాట నోట్లోంచి జారితే మీసం సగం ఊడిపోతుందేమోనని భయం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గాని, అప్పుడు అదే మొగతనం అనుకునేవాణ్ని.

మా అవ్వకు, అంటే అమ్మకు, వరుసకు తమ్ముడయ్యే ఒకాయన ఎల్లారెడ్డిలో ఉండేవాడు. ఊరంతా ఆయన్ను మస్కట్ మామ అనేది. ఇరవై ఏళ్లుగా మస్కట్‌లో ఒక అర్బాబు (అక్కడ యజమానిని అట్లాగే అంటారు) పడవ మీద పని. టూరిస్టులను సముద్రంలోకి చాలా దూరం తీసుకెళ్లి, పడవ నడుస్తుండగానే వెనక గాలాలు వదిలి, ట్యూనా చేపలు పట్టించే పడవ అది. ఒక్కో చేప ఎదిగిన మనిషంత బరువుంటుందట. ఆయన కూతురు డిగ్రీ అయిపోయి ఇంటి దగ్గరే ఉంది. పెండ్లిళ్లలో, బారసాలల్లో చిన్నప్పటి నుంచీ చూసిన పిల్లే. వరుసకు మరదలు. అయినా సరే, ఎదురుపడ్డ ప్రతిసారీ ఏదో పనున్నట్టు పక్కకు తప్పుకునేవాణ్ని. నేను చేసుకుంటే ఆ పిల్లనే చేసుకోవాలని మనసులో ఎప్పుడో రాసిపెట్టుకున్నాను. అప్పటికే వచ్చిన రెండు సంబంధాలను ఆమే వద్దన్నదని విన్నప్పుడు ఎంత సంతోషపడ్డానో, ఆ తర్వాత అంత భయపడ్డాను కూడా.

మామ సెలవు మీద వచ్చాడు. ఇంకో వారంలో తిరిగి వెళ్తాడనగా అవ్వకు కబురొచ్చింది. “నిన్ను తీస్కరమ్మన్నడు బిడ్డా. జూస్తడట. జర నోరు అదుపుల వెట్టుకో,” అని కామారెడ్డిలో బస్సెక్కిన దగ్గర్నుంచి ఎల్లారెడ్డిలో దిగేదాకా అవ్వ చెబుతూనే ఉంది. నేను తలూపుతూనే ఉన్నాను, కిటికీ అద్దంలో మీసం చూసుకుంటూ.

చాయ్ తాగడం అయింది. మామ గొంతు సవరించుకుని, ఫోను నా చేతిలో పెట్టాడు. “అల్లుడా, మా అర్బాబు కొత్త పడవ కొన్నడు. ట్యూనా పట్టనీకి ఏ రీలు తీసుకోవాల్నో నన్నే ఎంచుమన్నడు. గిండ్ల మూడున్నయి. నువ్వేది మంచిదంటవ్?”

పిల్లనిచ్చే ముందు పెట్టే పరీక్ష ఇదేనని నాకు అర్థమైపోయింది. మూడు ఫొటోలు. ఒక్కోదాని కింద బారెడు ఇంగ్లీషు. ఒక రీలు చాయ్ గ్లాసంత, బంగారు రంగులో మెరిసిపోతోంది. ఇంకొకటి చెంబంత. మూడోది చిన్న బిందెంత. రీలు అంటే దారం చుట్టే గిరక అన్నంత వరకే నాకు తెలుసు. ట్యూనాను ఫొటోలో కూడా చూసినవాణ్ని కాదు. మోటారు కొనే రైతు హార్స్‌పవర్ చూసినట్టే నేను అన్నిటికన్నా పెద్ద అంకె ఎక్కడుందో వెతికాను. అది బిందె దగ్గర ఉంది.

“మూడోది మామా. దీని పట్టే పట్టు. ఎంత గుంజినా దారం ఇంచు కదల్ది,” అన్నాను.

“కదల్దా?” అన్నాడు మామ. ఆయన ముఖంలో ఏదో కొంచెం మారింది.

“కదిలితె ఎట్ల మామా? జారిందంటె పాయె గదా!” మా బోరు పనిలో మొదటి సూత్రం అదే. మోటారు దించేటప్పుడు మోకు జానెడు జారినా పైపులతో సహా మోటారు పాతాళానికే. చేతులు బొబ్బలెక్కినా సరే, వదలకూడదు. సముద్రంలో మాత్రం వేరే సూత్రం ఎందుకుంటుంది?

“నీకు తెలుసా?” అన్నాడు మామ మళ్లీ.

“తెలుసు మామా.” (అవ్వ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.)

ఇంటికొచ్చిన అల్లుడి మాట మొదటిరోజే తీసిపారేయడం మా వైపు మర్యాద కాదు. అందుకని మామ లోపలికి పోయి, అర్బాబు ఎప్పుడో ఇచ్చేసిన పాత రీలునూ, పొట్టిగా లావుగా ఉన్న గాలపు కర్రనూ తెచ్చాడు. “పట్టి జూద్దాం పా,” అన్నాడు.

“ట్యూనా యాడికెళ్లి తెస్తం మామా?”

“నేనే ట్యూనా,” అని మోపెడ్ తాళంచెవి తీసుకున్నాడు.

ఇంటి వెనక పొలం బాట. మామ ఇరవై గజాల దారం లాగి, కొసను మోపెడ్ క్యారియర్‌కు కట్టాడు. “లీవరు నువ్వే వెట్టుకో. తెలుసంటివి గదా,” అని బండెక్కాడు. రీలు పక్కన చిన్న లీవరుంది. ముందుకు తోస్తే బిగుస్తుంది, వెనక్కి లాగితే వదులవుతుంది. అంత మట్టుకు క్షణంలో కనిపెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయి, దాన్ని ముందుకు, ఇంక పోనంత ముందుకు తోసేశాను. అంతటితో ఆగానా? కర్ర మొదలును కంచెకు పాతిన రాతి కడీ వెనక ఇరికించి, కడీకి కాలు తన్నిపెట్టి, బోరు మీద నిలబడ్డట్టే నిలబడ్డాను. “పైలం బిడ్డా!” అని అవ్వ అరిచింది. ఎవరికి చెప్పిందో మాత్రం తెలియదు.

మామ బయలుదేరాడు. లుంగీ ఎగురుతోంది. హారన్ కూడా కొట్టాడు. (ట్యూనా హారన్ కొడుతుందా అన్న అనుమానం ఆ క్షణాన నాకు రాలేదు.) ఇరవై గజాలు అయిపోయాయి. కర్ర ఒక్కసారి వంగింది, దారం జివ్వుమంది, మోపెడ్ ఉన్నచోటే టక్కున ఆగిపోయింది. మామ మాత్రం ఆగలేదు. హ్యాండిల్ మీదుగా ముందుకు వెళ్లి, బాట పక్కనున్న వరిగడ్డి కుప్పలో తలదాకా కూరుకుపోయాడు. అయ్యో దేవుడా! పాడు దారం, తెగనైనా తెగలేదు. నేనింకా పట్టు వదల్లేదు.

వంటింట్లోంచి మామ కూతురు పరుగెత్తుకొచ్చింది. మొదట తండ్రిని లేపింది, గడ్డి దులిపింది, గీసుకుపోయిన మోచేయి చూసింది. తర్వాత నా దగ్గరికొచ్చి, లీవరును వేలితో సగం వెనక్కి లాగి, దారం పట్టి గుంజింది. టకటకమంటూ గిరక తిరిగి దారం బయటికొచ్చింది. చిన్నప్పటి నుంచీ ఆమె ఆడుకున్న బొమ్మ అదే మరి.

“బావా, ట్యూనాను ఎన్నడన్న జూసినవా?” అంది.

సంబంధం పోయింది. ఆ సంగతి నాకు అర్థమైపోయింది. మామను గడ్డికుప్పలో పడేసినవాడికి పిల్లనెవరిస్తారు? ఇంక దాచి ఏం లాభం? “లేదు. నాకు తెల్వది,” అన్నాను. అనగానే చెయ్యి మూతి మీదికి పోయింది. మీసం మాత్రం ఊడలేదు.

ఆమె తండ్రి వైపు తిరిగింది. “నీకు ఇంగ్లీషు రాదు. సదివిపెట్టు అల్లుడా అంటె ఏమైతుండె బాపూ? నీకేమొ అడగనీకి నామోషి, ఈనెకేమొ తెల్వదననీకి నామోషి. ఇద్దరు సరిగ్గనే దొరికిండ్రు!”

మామ తల గోక్కున్నాడు. జుట్టులోంచి గడ్డిపరక రాలింది. నేను పరీక్ష అనుకున్నాను గాని, పాపం ఆయన సహాయం అడిగాడన్నమాట! ఇద్దరం ఆ గడ్డి మీదే కూర్చున్నాం. నేను ఒక్కో ముక్కా చదివి తెలుగులో చెబుతుంటే, మామ కళ్లు మూసుకుని విని చెప్పసాగాడు. “శాప ఉరికిందంటె రీలు దారం ఇడ్సుకుంట పోవాలె అల్లుడా. ఇడ్సుకుంటనే ఆపాలె. దారం ఎంత బరువుకు తెగుతదో, అండ్ల మూడో వంతు కాడనే జారాలె. గది అలిసినంక సుట్టుకోవాలె.” బంగారు రంగుదాంట్లో దారం చాలదు, చేప ఒక్క ఉరుకు ఉరికితే గిరక ఖాళీ. బిందె అంతకన్నా పెద్ద చేపలకు, టూరిస్టు చేతులు దాన్ని మోయలేవు. చెంబుకు దారం సరిపడా ఉంది, లీవరుంది, తొందరగా చుట్టడానికొకటి, బరువు లాగడానికొకటి రెండు వేగాలున్నాయి, ఉప్పునీళ్లకు తుప్పు పట్టదని రాసి ఉంది. “గదే!” అని మామ నా తొడ మీద చరిచాడు. చెంబు ఫొటో మస్కట్‌కు వెళ్లింది. కాసేపటికే అర్బాబు దగ్గర్నుంచి సరేనని జవాబొచ్చింది.

రీలు ఖాయమైంది గాని, నా సంగతి ఎవరూ ఎత్తలేదు. అవ్వ సంచీ సర్దుకుంది. నేను చెప్పులేసుకుంటుంటే ఆమె గడప దగ్గరికొచ్చి నిలబడింది.

“ఇంకేమేం తెల్వది బావా నీకు?”

“వంట తెల్వది. ఈత తెల్వది. నీ ముందల నిలవడి మాట్లాడుడు తెల్వది,” అన్నాను. నిజంగానే ఏడుపొక్కటే తక్కువ.

“మొన్న నేను వద్దన్న ఇద్దరికి అన్నీ తెలుసట,” అని లోపలికి తిరిగి, “బాపూ, ఈనెను ఉండుమను. బువ్వ తిని పోతరు,” అంది.

మా పెండ్లయి పదేళ్లు దాటింది. ఆ ఇరవై నాలుగేళ్ల మొనగాడు అప్పుడప్పుడు నాకు గుర్తొస్తాడు. దగ్గర కూర్చోబెట్టుకుని నాలుగు బుద్ధిమాటలు చెప్పాలనిపిస్తుంది. మళ్లీ, వద్దులే అనుకుంటాను. వాడికి ముందే బుద్ధి వచ్చి ఉంటే మామ పడేవాడు కాదు, ఆమె వంటింట్లోంచి బయటికి వచ్చేదీ కాదు.